పలుకుబండ మీద పరాయి గొంతు

"దారి తప్పానూ... ఎవరైనా ఉన్నారా..."

పొగమంచులోంచి ఆ పిలుపు వినపడగానే కువలయ ఆగింది. పెదవులు మూసి, ముక్కులో "మ్" అని సన్నగా శ్రుతి పట్టి, "ఉన్నాను. నా గొంతు వైపు నడిచి రండి" అని బదులు పలికింది.

పలికాక గాని తను ఏం చేసిందో ఆమెకు తెలిసిరాలేదు. ఒంటిమీద మేకల కాపరి గొంగళి ఉంది, నెత్తిన తలపాగా ఉంది, పెదవి పైన కాటుకతో దిద్దుకున్న నూనూగు మీసం ఉంది. ఇంత వేషం కట్టి, పలికింది మాత్రం తన సొంత గొంతుతో. మేఘశిల యువరాణి గొంతుతో.

"దొరికిందిరా పిశాచి. చుట్టుముట్టండి" అని మంచులోంచి మరో గొంతు లేచింది.

కొంప మునిగిందనుకుంది కువలయ. చేతికర్ర బిగించి పట్టుకుంది.

ఆమెను తప్పుపట్టి లాభం లేదు. మేఘశిలలో పుట్టిన వాళ్ళెవరైనా ఆ పొరపాటే చేస్తారు. ఆ రాజ్యం కొండల నెత్తిన ఉంది. లోయల్లో పుట్టిన తెల్లటి మంచు పాలపొంగులా లేచి, దేవదారు కొమ్మలను ముంచి, కోట బురుజులను ముంచి, బురుజుల మీది బంగారు కలశాలను కూడా ముంచేస్తుంది. ఏడాదిలో చాలా రోజులు అక్కడ సూర్యుడు పేరుకే సూర్యుడు. ఎదుటి మనిషి ముఖం ఆనదు, వేలి ఉంగరం ఆనదు. అందుకని ఆ రాజ్యంలో కంటిని నమ్మరు, చెవిని నమ్ముతారు. పిల్లలకు కత్తి చేతికివ్వక ముందే గొంతు సాధన చేయిస్తారు. మనిషి పలికే ముందు పెదవులు మూసి శ్రుతి పట్టాలి, ఆ తరువాతే నోరు తెరవాలి, అది అక్కడి మర్యాద. ఇక దారి తప్పిన వాడు పిలిస్తే, విన్నవాడు శత్రువైనా సరే, బదులు పలికి తీరాలి. పలకని వాణ్ణి ఎవరూ గడప తొక్కనివ్వరు. అంత మంచి అలవాటును తెచ్చి ఆడకూతురికి ఉచ్చుగా బిగించినవాడు ధూమకంఠుడు. వాడి నోట్లో మన్ను పడ.

ధూమకంఠుడు గొంతులు దొంగిలించే మాంత్రికుడు. మనిషికి లోపలి ఊపిరి అడుగంటిన క్షణంలో, వాడు తన నల్లశంఖాన్ని నోటికి ఆనించి లోపలికి పీల్చాడంటే, ఆ మనిషి గొంతు శంఖంలోంచి వాడి కంఠంలోకి జారిపోతుంది. కువలయ తండ్రి గిరివర్మ మహారాజు వేటలో పులి బారినుంచి తప్పించుకుని, పరుగెత్తి పరుగెత్తి ఆయాసంతో కూలబడ్డ వేళ వాడు చేసిన పని అదే. మూగవాడైన రాజుకు తలా గడ్డమూ గొరిగించి, ఒంటికి మసి పూసి, పిచ్చివాడని చెరలో వేయించాడు. తాను తెరలు దించిన పల్లకిలో కూర్చుని రాజు గొంతుతో రాజ్యం ఏలుతున్నాడు. గొంతు రాజుదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. యువరాణి చచ్చిపోయిందనీ, ఆమె గొంతుతో ఒక పిశాచి కొండల్లో తిరుగుతున్నదనీ, దాని మాట చెవిన పడితే మతి పోతుందనీ చాటింపు వేయించాడు. ఇక ఆమె నిజం చెప్పి ఏం లాభం? నోరు తెరిస్తే చాలు, పిశాచి అవుతుంది.

ఒక్క చిక్కు మాత్రం మాంత్రికుణ్ణి వేధిస్తున్నది. అసలు మనిషి బతికి ఉన్నంత కాలం దొంగిలించిన గొంతు దొంగకు పూర్తిగా లొంగదు. అందుకే ఈ మధ్యాహ్నం భేరి మోగగానే మూగ పిచ్చివాణ్ణి పలుకుబండ మీదినుంచి లోయలోకి తోసేయబోతున్నారు. ఆ ఆజ్ఞ వెలువడేది ఆ పిచ్చివాడి సొంత గొంతులోనే. నాన్నను ఆయన గొంతే చంపబోతున్నది, అది ఆపడానికే కువలయ ఈ వేషం కట్టి బయలుదేరింది.

"చెవులు మూసుకోండిరా, అది మళ్ళీ పలుకుతుంది" అని దళపతి కేక పెట్టాడు.

భటులు మొలలోంచి ఉన్ని ఉండలు తీసి చెవుల్లో కుక్కుకున్నారు. అంతకంటే తెలివితక్కువ పని మరొకటి లేదు. చెయ్యి చాస్తే చెయ్యి కనపడని మంచులో వాళ్ళకున్న దిక్కల్లా చెవులే. కువలయ చప్పున నేల మీద చతికిలబడింది. ఒక వల ఆమె తలమీదుగా ఎగిరి అవతలి భటుడి మీద పడింది. వాడు పిశాచే తనను పట్టుకుందనుకుని కత్తి దూశాడు. ఇంకొకడు వాడి మీదికి ఉరికాడు. దళపతి "ఒరేయ్, మనవాళ్ళేరా, ఆగండి" అని గొంతు చించుకుంటున్నా వినేవాడు లేడు.

కువలయ వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి పాకుతూ బయటపడింది. ఒకడి పాదం ఆమె వేళ్ళ మీదే పడింది. పళ్ళు కరచుకుని ఊరుకుంది. దారి అంచు దొరికాక అడవితీగ ఒకటి పట్టుకుని కిందికి జారింది. సగంలో తీగ వేరుతో సహా ఊడి వచ్చింది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. గాలిలో గిరికీ కొట్టి, కొండకు అతుక్కున్న ఒక రాతి తిన్నె మీద వచ్చి పడి, మోచెయ్యి దోక్కుపోయినా లెక్కచేయక, ఆ తిన్నె వెంబడే పరుగందుకుంది. అది మారుబండకు పోయే మేకలబాట.

మేఘశిల కోటకూ ఆ బాటకూ మధ్య పాతాళం వంటి లోయ ఉంది. అవతలి అంచున, కోట ముంగిట ఉన్నది పలుకుబండ. రాజు ఆజ్ఞలన్నీ దాని మీదినుంచే పలకాలి. ఇవతలి అంచున ఉన్నది మారుబండ. ఇక్కడి కాపలాదారు ఆ ఆజ్ఞను అక్షరం పొల్లు పోకుండా తిరిగి పలకాలి. మారు పలకని ఆజ్ఞ చెల్లదు. రెండు బండల నడుమ తాళ్ళ వంతెన ఒకటి గాలికి ఊగుతూ ఉంటుంది.

మారుబండ కాపలా ఓబులయ్యది. ఆయన పిలిస్తే పక్క కొండ మీది ఆవులు కూడా తలెత్తేవి. అటువంటి ఓబులయ్య ఇప్పుడు మెడకు ఉన్నిగుడ్డ చుట్టుకుని, గుడిసెలో కుంపటి ముందు కూర్చుని, మిరియాల కషాయం చప్పరిస్తూ, ఏడవలేక నవ్వుతున్నాడు.

"ఎవరు నాయనా నువ్వు?" అని గుసగుసగా అడిగాడు.

కువలయ ఈసారి జాగ్రత్త పడింది. శ్రుతిని బొడ్డు దాకా దించి మగగొంతుతో పలికింది. "మేకల కాపరిని, పెద్దాయనా. కేసరి అంటారు. మంచు తగ్గేదాకా కూర్చుని పోతాను. తమ గొంతుకేమైంది?"

"ఏం చెప్పమంటావు. నిన్న కోడిపందెం. మా డేగపుంజు గెలిచింది. సంతోషం పట్టలేక అరిచాను. ఆ పైన పచ్చి మామిడికాయ, ఉప్పూ కారమూ అద్దుకుని తిన్నాను. ఇదిగో, ఇలా తగలడింది."

"గుసగుసలాడకండి. అరుపు కంటే గుసగుస చేటు. మాట్లాడితే మెల్లగా నిండు గొంతుతో మాట్లాడాలి, లేదా నోరు కట్టేసుకోవాలి."

ఓబులయ్య విచిత్రంగా చూశాడు. "మా మహారాజు అచ్చం ఇదే మాట అనేవారు. అదంతా ఒకప్పుడు. ఇప్పుడాయన తీరే మారిపోయింది నాయనా. పొద్దస్తమానం అరుపులు, పైనుంచి కల్లు. శ్రుతి పట్టడమనేదే మానేశారు. ఏవో తొందరపనులుంటాయి గదా అని మేమే సర్దుకుంటున్నాం."

కువలయ చెవులు రిక్కించింది. కోటలో ఇంతమంది ఉన్నారు. ఇంతమందీ ఆ లోపం విన్నారు. విని సర్దుకున్నారు.

"ఇంతకూ నా చావుకొచ్చింది" అని ఓబులయ్య కషాయం కింద పెట్టాడు. "భేరి మోగగానే ఆజ్ఞ వస్తుంది. నేను మారు పలకాలి. గొంతు లేదంటే ఊరుకుంటారా? ధిక్కారమని తల తీస్తారు. పందెంలో కోడి గెలిచింది, నేను ఓడిపోయాను."

"మీ బదులు నేను పలుకుతాను."

"నీకు చేతనవుతుందా? ఇది మేకల్ని అదిలించడం కాదు. లోయ దాటాలి, కాని అరిచినట్టు ఉండకూడదు."

కువలయ గుమ్మంలోకి వచ్చి, శ్రుతి పట్టి, అడుగు స్థాయిలో ఒక పిలుపు విడిచింది. అది మంచులోకి నెమ్మదిగా, గుండ్రంగా పోయి, అవతలి అంచును తాకి, చెక్కు చెదరకుండా తిరిగివచ్చింది. ఓబులయ్య లేచి నిలబడ్డాడు.

"ఎవరయ్యా నీ గొంతుకు సాన పట్టింది?"

చెబితే ఏడుపొచ్చేది. చిన్నప్పుడు తెల్లవారకముందే నాన్న ఆమెను కోనేటిలోకి దింపేవాడు. చన్నీళ్ళు మెడదాకా. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే, "పళ్ళు ఆపు, కింది షడ్జం పట్టు" అనేవాడు. చిన్నపిల్ల గదా, గట్టిగా అరిచి అదే గొప్ప పాటనుకునేది. ఆయన నవ్వి, "గొంతు ఎవరికీ పుట్టుకతో రాదమ్మా. రాగిచెంబులాగా రోజూ తోముకోవాలి, ఒక్కరోజు మానితే చిలుం పడుతుంది" అనేవాడు. "ఎంతసేపు పాడినా అడుగున గుప్పెడు ఊపిరి మిగుల్చుకో, దాన్ని ఎవరికీ ఇవ్వకు" అని మరీ మరీ చెప్పేవాడు. ఆమె పై స్వరం అందుకోలేక జారిపోతే కోప్పడేవాడు కాదు. తాను అదే స్వరాన్ని కింద పట్టుకుని నిలిచేవాడు. ఆ శ్రుతిని ఆనుకుని ఆమె మళ్ళీ పైకెక్కేది.

ధణ్ ధణ్ ధణ్ అని భేరి మోగింది.

మంచు తెర ఒక పక్కకు జరిగింది. అవతల పలుకుబండ మీద ఎర్రని తెరల పల్లకి, చుట్టూ ఈటెల భటులు. బండ కొసన, చేతులు వెనక్కి కట్టేసిన బోడిగుండు మనిషి ఒకడు. ఇంత దూరం నుంచి కూడా ఆ నిలబడే తీరు కువలయకు తెలిసింది. వెన్ను నిటారుగా, ఛాతీ విప్పుకుని. పాడేవాడు నిలబడే తీరు అది.

పల్లకిలోంచి మహారాజు గొంతు లేచింది. ముందు శ్రుతి లేదు, ఏమీ లేదు. తలుపు తన్నుకొచ్చినట్టు వచ్చింది.

"మేఘశిల ప్రజలారా, వినండి. ఈ మూగ పిచ్చివాడు రాజద్రోహి. వీణ్ణి లోయలోకి తోయవలసిందని మా ఆజ్ఞ. మారుబండ, పలుకు."

గొంతు నాన్నదే. ఆమెను జోకొట్టిన గొంతే. కాని అంచులు చిట్లి ఉన్నాయి, జీర పడి ఉంది, ఇత్తడిపళ్ళెం మీద ఇసుక పోసినట్టుంది. ఎంత ముద్దుగా దాచుకున్న గొంతు, ఎలా పాడుచేశాడు. కువలయకు కన్నీళ్ళు వచ్చాయి. వాటి వెనకే ఒళ్ళు మండింది.

"పలుకు నాయనా, ఆలస్యమైతే ఇద్దరి తలలూ పోతాయి" అని ఓబులయ్య గొంగళి పట్టి గుంజాడు.

ఆమె శ్రుతి పట్టింది. కాని ఆజ్ఞను మారు పలకలేదు. "పలికిన గొంతు మీద మారుబండకు సందేహం. కోట పిలుపు అందుకోండి" అంది.

అవతల ఈటెలన్నీ ఒక్కసారి కదిలాయి. ఓబులయ్య పట్టుకున్న గొంగళి వదిలేశాడు. "ఎంత పని చేశావురా అబ్బాయ్. సందేహపు పిలుపు మా తాతల నాటి హక్కు, ఎవరూ వాడి ఎరగరు. నువ్వు కోట పిలుపు పాడాలి, రాజు దాన్ని అదే శ్రుతిలో, అదే నిడివిలో తిరిగి పాడాలి. ఆయన పాడేస్తే లోయలోకి పోయేది నువ్వే."

"తెలుసు."

"తెలిసే చేశావా?"

కువలయ బండ కొసకు నడిచింది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. ముక్కుతో నిండా ఊపిరి తీసుకుని, పక్కటెముకలు విప్పారేదాకా నింపుకుని, అడుగు స్థాయిలో ఎత్తుకుంది.

"మంచు కప్పిన కొండ మాదీ, మాట తప్పని కోట మాదీ..."

ఆ పాట కొండ ఎక్కినట్టే ఎక్కుతుంది. మొదటి పాదం నేల మీద, రెండో పాదం ఆకాశంలో. మేకల కాపరి మగగొంతుతో పై స్వరాలు అందవు. అక్కడికి పోవాలంటే సొంత గొంతు బయట పెట్టక తప్పదు. కువలయ తలపాగా తీసి అవతల పారేసింది.

"దారి తప్పిన వారికెల్లా తలుపు తీసిన గొంతు మాదే..."

చివరి స్వరాన్ని లోయ ప్రతిధ్వని తిరిగి వచ్చేదాకా నిలపాలి. నిలిపింది. సన్నగా, వణుకు లేకుండా, ఎక్కడా బిగుతు లేకుండా నిలిపింది. ప్రతిధ్వని వచ్చి ఆమె స్వరంలో కలిసింది. అప్పుడు ఆపింది. అడుగున గుప్పెడు ఊపిరి అలాగే ఉంది.

అవతల భటులు కొందరు చెవులు మూసుకున్నారు. "పిశాచి" అన్నారెవరో. "పిశాచి అయితే ఏం, పాట పాటే గదా. మహారాజు పాడాలి" అన్నాడు ఒక ముసలి భటుడు. అందరూ పల్లకి వైపు తిరిగారు. బండ కొసన ఉన్న బోడిగుండు మనిషి కూడా తిరిగాడు. ఆయన మాత్రం ఇటు వైపు, మారుబండ వైపు తిరిగాడు.

ధూమకంఠుడికి పాట వచ్చు. చెవులున్న ప్రతివాడికీ ఆ రాజ్యంలో ఆ పాట వచ్చు. గొంతూ ఉంది. లేనిది ఒక్కటే. ఒక్క తెల్లవారుజామున కూడా వాడు చన్నీళ్ళలో నిలబడలేదు.

"మంచు కప్పిన కొండ మాదీ..." అని ఎత్తుకున్నాడు.

మొదటి పాదం గడిచింది. గిరివర్మ గొంతు గదా, దానికి దారి తెలుసు. ఓబులయ్య కళ్ళు మూసుకుని కులదేవతను తలచుకున్నాడు. రెండో పాదం ఎక్కుతుంటే పల్లకిలోంచి ఊపిరి గుటకలు వినిపించాయి. "దారి తప్పిన" దగ్గర స్వరం వణికింది. "తలుపు తీసిన" దగ్గర మెడ నరాలతో నెట్టాడు. చివరి స్వరం మీద అరిచాడు.

పెళ్ళున విరిగింది.

గంట పగిలినట్టు ఆ గొంతు మాంత్రికుడి కంఠంలోంచి ఊడి లోయ మీదికి దూకింది. దూకి, ఎటు పోవాలో తెలియక, మంచులో ముక్కలు ముక్కలుగా చెదరసాగింది. ఇంకొక క్షణం ఉంటే ఏమీ మిగిలేది కాదు. కువలయ ఆలోచించలేదు. నాన్న తనకు చేసినట్టే, అదే స్వరాన్ని కింద పట్టుకుంది. చెదిరిన గొంతు ఆ శ్రుతిని ఆనుకుంది. మెల్లగా కూడుకుంది. లోయ మీదినుంచి వెనక్కి మళ్ళి, తన మనిషిని వెతుక్కుంటూ పలుకుబండ కొసకు పాకింది.

దారి దూరం. ఆమె ఛాతీ ఖాళీ అవుతున్నది. స్వరం ఆపితే గొంతు మళ్ళీ చెదురుతుంది. అడుగున గుప్పెడు ఊపిరి ఉంది. ఎవరికీ ఇవ్వవద్దన్న ఊపిరి. నాన్నకు కాకపోతే ఇంకెవరికిస్తాను అనుకుంది కువలయ. ఇచ్చేసింది.

"కట్లు విప్పండి."

నిండుగా, నెమ్మదిగా, ముందొక సన్నని శ్రుతితో వచ్చిన ఆ మాట బోడిగుండు మనిషి నోటినుంచి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఆ గొంతుకు లోబడిన భటులు, ఏమిటని కూడా అనుకోకుండా, ఆయన కట్లు కోసేశారు. కోశాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలి భటుడు మోకాళ్ళ మీద కూలబడి, "మహాప్రభూ" అన్నాడు.

ఊపిరి అడుగంటి బండ మీద వంగిపోయిన కువలయ ఆ గొంతు విని నవ్వబోయింది. అప్పుడే అవతల పల్లకి తెర చిరిగి నల్లశంఖం మెరిసింది. ఏదో సన్నని చల్లని దారం తన మెడలోంచి లాగినట్టయింది. అంతే. నొప్పి కూడా లేదు.

మరుక్షణం పల్లకిలోంచి నల్లని పొగ బుసబుసమంటూ లేచింది. మంచూ పొగా కలిసి పలుకుబండను మింగేశాయి. ఈటెలు రాళ్ళ మీద పడుతున్న చప్పుడు, దగ్గులు, ఎవరో జారి పడ్డ కేక, ఆ తరువాత నిశ్శబ్దం. కువలయ వంతెన మీదికి ఉరికింది. తాళ్ళు కిర్రుమన్నాయి, కాళ్ళ కింద చెక్కలు తడిసి జారుతున్నాయి. కళ్ళకు ఏమీ ఆనడం లేదు. పలుకుబండకు వెనక కోట, ఒక పక్క వంతెన, తక్కిన పక్కలంతా లోయే.

అవతలినుంచి నాన్న గొంతు వచ్చింది.

"దారి తప్పాను. ఎవరైనా ఉన్నారా?"

కువలయ పెదవులు మూసి శ్రుతి పట్టబోయింది. పలకలేదు. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఉన్నాను నాన్నగారూ, ఇక్కడే వంతెన మీద ఉన్నాను అని ఒళ్ళంతా అరుస్తున్నది, గొంతు మాత్రం లేదు. పొద్దున ఉచ్చులో పడి పలకకూడని చోట పలికిన మనిషి, ఇప్పుడు పలికి తీరవలసిన చోట మూగదైపోయింది.

"ఉన్నాను నాన్నగారూ" అని ఎవరో పలికారు. "నా గొంతు వైపు నడిచి రండి."

అది తన గొంతే. లోయ అంచు నుంచి వస్తున్నది.

"కువలయా, బతికే ఉన్నావా తల్లీ" అన్నాడు గిరివర్మ. ఆ మాటలో ఉన్న సంతోషం విని ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన పాదాలు రాతి మీద కదిలాయి. గొంతు వైపు. అంచు వైపు.

కువలయ తాడు పట్టుకుని ఊపింది. గాలికి ఎప్పుడూ ఊగే వంతెనే గదా, ఎవరు పట్టించుకుంటారు? పరుగెత్తబోతే చెక్క విరిగి ఒక కాలు మోకాలి దాకా దిగబడింది. గుంజుకుంటున్నది, రావడం లేదు.

"ఇంకొంచెం ఇటు, నాన్నగారూ. చెయ్యి చాపండి" అంది లోయ అంచున ఆమె గొంతు, ముద్దుగా.

ఒక అడుగు. ఇంకొక అడుగు. గులకరాయి ఒకటి ఆయన కాలి కింద జారి లోయలోకి దొర్లింది. అది అడుగున పడ్డ చప్పుడు రానే లేదు.

అడుగుల చప్పుడు ఆగింది.

"అమ్మాయీ" అన్నాడు గిరివర్మ నెమ్మదిగా. "శ్రుతి పట్టకుండా పలికావేమిటమ్మా?"

ఆయన అడుగు ఒకటి వెనక్కి పడింది.

"నిద్రలో పలవరించినా నా కూతురు ముందు శ్రుతి పడుతుంది. ఆ గొంతు నాకు తెలుసు, నేను సాధన చేయించిందే. గొంతు అటుంది. మరి నువ్వెక్కడున్నావు తల్లీ?"

కువలయకు కన్నీళ్ళు ధారగా కారాయి. ఆమె దగ్గర ఉన్నది ఇక ఒక్కటే. వెన్ను నిటారుగా చేసి, ముక్కుతో, పక్కటెముకలు విప్పారేదాకా, కోనేటిలో ఆయన నేర్పినట్టే, ఒక నిండు ఊపిరి తీసుకుంది. విడిచింది. మళ్ళీ తీసుకుంది.

అప్పుడు లోయ అంచున ఆమె గొంతు పెదవులు మూసి "మ్" అని సన్నగా శ్రుతి పట్టింది. ధూమకంఠుడు మందబుద్ధి కాడు, విన్నది విన్నట్టు నేర్చేసుకున్నాడు. ఆ గొంతు ఎంతో తీయగా, "ఇక్కడే ఉన్నాను, నాన్నగారూ" అంది.

గిరివర్మ కాసేపు ఇద్దరినీ విన్నాడు. ఒక పక్క కూతురి గొంతు, శ్రుతితో సహా. ఇంకో పక్క మాట లేని ఊపిరి. తరువాత ఆయన గొంతుకు వీపు తిప్పి, ఊపిరి వైపు నడిచాడు. వంతెన తాడు ఆయన చేతికి తగిలింది. తడుముకుంటూ వచ్చి, ఆమె కాలిని చెక్కలోంచి లాగి, అరచెయ్యి ఆమె మెడ మీద ఆనించి చూశాడు. అక్కడ స్వరపు అదురు కొంచెం కూడా లేదు.

"ఆ గుప్పెడు ఊపిరి కూడా నాకే ఇచ్చేశావు గదూ" అన్నాడు.

ఆమె తల ఊపింది. ఆయనకు కనపడలేదు గాని, అరచేతికి తెలిసింది. కూతురిని దగ్గరకు తీసుకున్నాడు. "పోనీలే తల్లీ. వాడు గొంతు పట్టుకుపోయాడు గాని, నువ్వు నేర్చింది నీ దగ్గరే ఉంది. పద, వెతికి తెచ్చుకుందాం" అన్నాడు.

వెనక పలుకుబండ అంచున కువలయ గొంతు పకపకా నవ్వింది. ఆ నవ్వు దగ్గరకు వచ్చింది, వంతెన మొదట్లో ఆగింది. కత్తి తాడు మీద పడిన చప్పుడు వాళ్ళిద్దరికీ వినిపించింది. కాళ్ళ కింద చెక్కలు ఒక పక్కకు ఒరిగాయి.

"తాడు వదలకు" అన్నాడు మహారాజు.

రెండో వేటు పడింది.